రెండున్నర లక్షల డాలర్లు: కాలిఫోర్నియా వైద్య నిర్లక్ష్య చట్టంలో ఒక సంఖ్య చరిత్ర (1975–2022)

ఉపోద్ఘాతం

1975 సెప్టెంబరు 23న కాలిఫోర్నియా గవర్నరు జెర్రీ బ్రౌన్ ఒక శాసనంపై సంతకం చేశారు. దాని పూర్తి పేరు మెడికల్ ఇంజురీ కాంపెన్సేషన్ రిఫార్మ్ యాక్ట్. న్యాయవాదులు, వైద్యులు దానిని ‘మైక్రా’ అని వ్యవహరిస్తారు. వైద్యుని నిర్లక్ష్యం వల్ల నష్టపోయిన వ్యక్తి అనుభవించిన శారీరక బాధకు, మనోవేదనకు, అంగవైకల్యానికి, ఆప్తుల సాహచర్యాన్ని కోల్పోయిన నష్టానికి న్యాయస్థానం ఇప్పించగల పరిహారం రెండున్నర లక్షల డాలర్లను మించరాదని ఆ శాసనం నిర్దేశించింది. ధరలు పెరిగినప్పుడు ఈ మొత్తం కూడా పెరగాలన్న నియమమేదీ అందులో లేదు. 2022 చివరి రోజు వరకు, అంటే 47 సంవత్సరాల పాటు, ఆ సంఖ్య ఒక్క డాలరైనా కదలలేదు.

అమెరికాలో వైద్య నిర్లక్ష్యానికి సంబంధించిన పరిహార న్యాయం ప్రధానంగా రాష్ట్రాల పరిధిలోని విషయం. ప్రతి రాష్ట్రానికీ తనదైన శాసనం, తనదైన తీర్పుల సంప్రదాయం ఉన్నాయి. వాటిలో మైక్రాకు ప్రత్యేక స్థానం ఉంది. 2003లో టెక్సాస్ చేసిన శాసనంలోనూ, అదే సంవత్సరం అమెరికా ప్రతినిధుల సభ ఆమోదించగా సెనేట్‌లో ఆగిపోయిన జాతీయ బిల్లులోనూ ఇదే రెండున్నర లక్షల సంఖ్య కనిపిస్తుంది. అనేక చోట్ల నమూనాగా నిలిచిన ఈ సంఖ్య సొంత రాష్ట్రంలో అంతకాలం ఎందుకు మారలేదు, మార్చాలన్న ప్రతిపాదనలు ఏమయ్యాయి, ఆ నిశ్చలత భారం ఎవరిపై పడింది అన్నవి ఈ వ్యాసంలో పరిశీలనాంశాలు.

1975: బీమా సంక్షోభం

సంక్షోభం ఆసుపత్రుల్లో కాక బీమా కార్యాలయాల్లో మొదలైంది. వైద్యులపై దావాలు 1960ల చివరి నుంచి పెరుగుతూ వచ్చాయి. అయితే దావాల పెరుగుదల ఒక్కటే కారణం కాదు. వైద్య నిర్లక్ష్య బీమాకు ఒక విలక్షణ స్వభావం ఉంది. ఈ ఏడాది జరిగిన శస్త్రచికిత్సకు దావా ఐదారేళ్ల తర్వాత రావచ్చు, తీర్పు మరింత ఆలస్యం కావచ్చు. ఈలోగా వసూలైన ప్రీమియం సొమ్మును సంస్థలు పెట్టుబడిగా పెట్టి లాభం పొందుతాయి. 1973–74లో స్టాక్ మార్కెట్ కుప్పకూలడంతో ఆ లాభం అడుగంటింది. ఏనాటికి ఎంత చెల్లించవలసి వస్తుందో ముందుగా లెక్కకట్టలేని బీమా ఒకవైపు, ఎండిపోయిన పెట్టుబడి ఆదాయం మరొకవైపు. సంస్థలు రంగం నుంచి తప్పుకోవడమో, ప్రీమియంను కొన్ని రెట్లు పెంచడమో చేశాయి.

ఉత్తర కాలిఫోర్నియాలో వేలాది వైద్యులకు సామూహిక బీమా ఇచ్చిన ఆర్గొనాట్ సంస్థ 1975 ఆరంభంలో ఆ పాలసీలను రద్దు చేస్తున్నట్లు ప్రకటించింది. కొత్త రేట్లు చాలామందికి భరించరానివయ్యాయి. మే నెలలో శాన్‌ఫ్రాన్సిస్కో ప్రాంతంలోని మత్తుమందు వైద్యులు అత్యవసరం కాని శస్త్రచికిత్సలకు హాజరు కావడం మానివేశారు. మత్తు ఇచ్చేవారు లేకపోతే శస్త్రవైద్యుడు ఉన్నా ప్రయోజనం లేదు. ఆసుపత్రుల్లో పడకలు ఖాళీ అయ్యాయి, సిబ్బందికి పని తగ్గింది. అదే నెల 16న గవర్నరు శాసనసభను ప్రత్యేక సమావేశానికి పిలిచారు. ఆయన పదవి చేపట్టి అప్పటికి ఐదు నెలలైనా నిండలేదు.

యూరీకా ప్రాంతానికి ప్రాతినిధ్యం వహించిన అసెంబ్లీ సభ్యుడు బారీ కీన్ ప్రవేశపెట్టిన బిల్లు వేసవి అంతా సాగిన బేరసారాల తర్వాత చట్టమైంది. అది కేవలం పరిమితి చట్టం కాదన్న సంగతిని తర్వాతి చర్చలు తరచు మరుగుపరిచాయి. పాత వైద్య పరీక్షకుల మండలి స్థానంలో వైద్యేతర సభ్యులకు ఎక్కువ స్థానం కల్పిస్తూ కొత్త క్రమశిక్షణ మండలిని అది ఏర్పాటు చేసింది. దావా వేసే గడువును నష్టం జరిగిన నాటి నుంచి మూడేళ్లకు, లేదా నష్టం తెలిసిన నాటి నుంచి ఏడాదికి, ఏది ముందైతే దానికి కుదించింది. దావాకు 90 రోజుల ముందు నోటీసు తప్పనిసరి చేసింది. భవిష్యత్ నష్టాల పరిహారాన్ని ఒకేసారి కాక వాయిదాల్లో చెల్లించే వీలు కల్పించింది. బాధితునికి ఆరోగ్య బీమా వంటి ఇతర మార్గాల్లో అందిన సహాయాన్ని జ్యూరీ దృష్టికి తెచ్చే హక్కును ప్రతివాదికి ఇచ్చింది. బాధితుని న్యాయవాది తీసుకోగల ఫీజుకు మెట్ల పద్ధతిలో హద్దులు విధించింది. రెండున్నర లక్షల పరిమితి వీటన్నిటి నడుమ ఒక చిన్న సెక్షన్.

చట్టం రాగానే ప్రీమియంలు దిగిరాలేదు. 1976 జనవరిలో లాస్ ఏంజెలిస్ కౌంటీ వైద్యులు అదే కారణంతో దాదాపు ఐదు వారాలు సేవలను కుదించుకున్నారు. ఆ వారాల్లో కౌంటీ మరణాల రేటు పెరగకపోగా తగ్గిందని, వాయిదా పడగల శస్త్రచికిత్సలు ఆగిపోవడమే అందుకు కారణం కావచ్చని మిల్టన్ రోమర్ తన సహ పరిశోధకునితో కలిసి 1979లో ప్రచురించిన అధ్యయనం సూచించింది. వైద్యులకు అది ఇబ్బంది కలిగించే ఫలితమే. ఏమైనా, వైద్యులు వాణిజ్య బీమా సంస్థలపై ఆశ వదులుకొని 1975–76లోనే సొంత బీమా సంస్థలను నెలకొల్పుకోవడం మొదలుపెట్టారు. నార్‌కాల్, డాక్టర్స్ కంపెనీ ఆ విధంగా పుట్టినవే. మైక్రాకు అత్యంత స్థిరమైన రక్షకులుగా తర్వాత నిలిచినవి ఈ సంస్థలే.

ఆర్థికేతర నష్టం ఎవరిది?

పరిమితి ప్రభావం అర్థం కావాలంటే పరిహారంలోని రెండు భాగాలను విడిగా చూడాలి. చికిత్సకు అయిన ఖర్చు, ఇకముందు కాబోయే ఖర్చు, కోల్పోయిన జీతం ఆర్థిక నష్టాలు. వీటికి మైక్రా ఏ హద్దూ పెట్టలేదు. చట్టాన్ని సమర్థించేవారు ఈ అంశాన్నే మొదట చెబుతారు, అది నిజం కూడా. నొప్పి, అంగవైకల్యం, ఆప్తుల మరణం ఆర్థికేతర నష్టాలు. హద్దు వీటికి మాత్రమే.

పైకి ఈ విభజన అందరికీ సమానంగా వర్తించేదిగా కనిపిస్తుంది. కాని నెలకు పెద్ద జీతం తీసుకొనే నలభై ఏళ్ల ఇంజనీరు మరణిస్తే ఆర్థిక నష్టం కింద ఆయన కుటుంబానికి అనేక లక్షల డాలర్లు రావచ్చు. రెండేళ్ల శిశువు మరణిస్తే కోల్పోయిన జీతం లేదు, ఇకముందు కాబోయే చికిత్స ఖర్చూ లేదు. ఉన్నది తల్లిదండ్రులు బిడ్డ సాహచర్యాన్ని కోల్పోయిన నష్టం ఒక్కటే, దాని గరిష్ఠ విలువను చట్టం ముందే నిర్ణయించింది. ఉద్యోగం చేయని గృహిణి, పదవీ విరమణ చేసిన వృద్ధుడు ఇదే కోవలోకి వస్తారు. సంపాదన లేనివారి ప్రాణానికి చట్టం దృష్టిలో మిగిలే విలువ దాదాపుగా ఆ పరిమితితో సమానమయింది.

ఇక్కడ ఫీజుల నిబంధన పరిమితితో కలిసి పనిచేసింది. అమెరికాలో బాధితుని న్యాయవాది సాధారణంగా గెలిచినప్పుడే, గెలిచిన మొత్తంలో వాటాగా ఫీజు తీసుకుంటాడు. ఓడితే అతనికి ఏమీ రాదు, నిపుణుల సాక్ష్యాలకు పెట్టిన ఖర్చు కూడా చాలావరకు అతని మీదే పడుతుంది. 1975 నిబంధన ప్రకారం ఖర్చులు మినహాయించాక మొదటి 50,000 డాలర్లలో 40 శాతం, తర్వాతి 50,000లో మూడో వంతు, ఆపై లక్షలో 25 శాతం, 2 లక్షలు దాటిన మొత్తంలో 10 శాతం మించి తీసుకోరాదు. ఖర్చులు పోగా పూర్తి రెండున్నర లక్షలు చేతికి వచ్చిన కేసులో సైతం ఫీజు 66,667 డాలర్లకు మించదు. కాలం గడిచేకొద్దీ నిపుణుల రుసుములు పెరిగాయి, పరిమితి పెరగలేదు. శిశు మరణం వంటి కేసును, నిర్లక్ష్యం స్పష్టంగా ఉన్నా, స్వీకరించే న్యాయవాది దొరకడం కష్టమైంది.

చట్ట చరిత్రను తీర్పుల సంపుటాల నుంచి రాసే పద్ధతికి ఇది ఒక సవాలు. దాఖలైన వ్యాజ్యం రికార్డుల్లో ఉంటుంది, దాఖలు కాని వ్యాజ్యానికి నంబరు ఉండదు. న్యాయవాది కార్యాలయంలో అరగంట మాట్లాడి, ఈ కేసు తీసుకోలేమన్న మాట విని ఇంటికి తిరిగి వెళ్లిన కుటుంబం ఏ గణాంకంలోనూ కనిపించదు. మైక్రా ప్రభావంలో ముఖ్యభాగం అక్కడే ఉందని భావించడానికి బలమైన కారణాలున్నాయి. తీర్పుల గణాంకాలను అన్వయించేటప్పుడు ఈ శూన్యాన్ని గుర్తుంచుకోవాలి.

తీర్పుల స్థాయిలో లభించే సమాచారాన్ని రాండ్ సంస్థ పరిశోధకులు 2004లో విశ్లేషించారు. 1995–99 నడుమ కాలిఫోర్నియాలో బాధితులు గెలిచిన 257 జ్యూరీ తీర్పులను వారు పరిశీలించగా, 45 శాతం కేసుల్లో పరిమితి వల్ల పరిహారం తగ్గింది. మరణాలకు సంబంధించిన కేసుల్లో ఈ నిష్పత్తి 58 శాతం. ప్రతివాదులు చెల్లించవలసిన మొత్తం సగటున 30 శాతం తగ్గింది. గాయపడినవారిలో ఏడాది లోపు శిశువుల తీర్పులు కత్తిరింపునకు గురైన నిష్పత్తి మిగిలినవారికంటే ఎక్కువగా ఉంది. జ్యూరీకి పరిమితి సంగతి తెలియజేయరన్నది ఇక్కడ గమనార్హం. పన్నెండుమంది పౌరులు రోజుల తరబడి సాక్ష్యం విని ఒక మొత్తాన్ని నిర్ణయిస్తారు, ఆ తర్వాత న్యాయమూర్తి దానిని తగ్గిస్తారు.

1985 తీర్పు

చట్టం రాజ్యాంగబద్ధత దాదాపు పదేళ్లు అనిశ్చితంగా ఉంది. వాయిదా చెల్లింపుల నిబంధనను 1984లోనూ, ఫీజుల నిబంధనను 1985లోనూ రాష్ట్ర సుప్రీంకోర్టు సమర్థించింది. పరిమితి విషయం 1985లో ‘ఫైన్ వర్సెస్ పర్మనెంటే మెడికల్ గ్రూప్’ వ్యాజ్యంలో తేలింది. వాది 34 ఏళ్ల న్యాయవాది. ఛాతీ నొప్పితో వెళ్లినప్పుడు దానిని కండరాల నొప్పిగా భావించి పంపివేశారు, తీరా అది గుండెపోటు. జ్యూరీ ఆర్థికేతర నష్టం కింద 5 లక్షల డాలర్లు నిర్ణయించగా, మైక్రా ప్రకారం అది సగానికి తగ్గింది.

నాలుగు–మూడు ఆధిక్యంతో కోర్టు పరిమితిని సమర్థించింది. జస్టిస్ ఆటో కాస్ రాసిన ఆధిక్య తీర్పు సారాంశం ఇది: బీమా ఖర్చును అదుపు చేయడం శాసనసభకు తగిన లక్ష్యం, నొప్పికి వెలకట్టడం ఎప్పుడూ అనిశ్చితమైన పని, కాబట్టి ఆర్థిక నష్టాన్ని ముట్టకుండా ఈ భాగాన్ని పరిమితం చేయడం హేతుబద్ధమే. ప్రధాన న్యాయమూర్తి రోజ్ బర్డ్ భిన్నాభిప్రాయం మరోవైపు నుంచి చూసింది. సంక్షోభ భారాన్ని సమాజమంతటి మీదా కాక అత్యంత తీవ్రంగా గాయపడిన కొద్దిమంది మీద మోపడం ఏ హేతువుకు నిలుస్తుందన్నది ఆమె ప్రశ్న. చిన్న గాయమైనవాడు పరిమితికి చేరడు, అతని పరిహారం యథాతథం. కత్తిరింపు పెద్ద గాయానికే. అదే సంవత్సరం అమెరికా సుప్రీంకోర్టు అప్పీలును కొట్టివేయడంతో న్యాయపోరాటం ముగిసింది. ఇలినాయ్, జార్జియా సుప్రీంకోర్టులు 2010లో తమ రాష్ట్రాల పరిమితులను రాజ్యాంగవిరుద్ధమని కొట్టివేసిన సంగతిని గుర్తుచేసుకుంటే, ఫైన్ తీర్పు ఒక్క ఓటు తేడాతో వచ్చిందన్న విషయం చిన్నది కాదు.

అయితే ఆధిక్య తీర్పు తర్కం ఒక నిర్దిష్ట కాలానికి చెందినది. 1975లో సంక్షోభం ఉంది, దానికి హేతుబద్ధమైన స్పందన ఇది అని కోర్టు చెప్పింది. సంక్షోభం గడిచిపోయిన తర్వాత, డాలరు విలువ నాలుగో వంతుకు పడిపోయిన తర్వాత కూడా అదే సంఖ్య హేతుబద్ధమేనా అన్న ప్రశ్న ఇక కోర్టులో కాక శాసనసభలోనో, ఓటర్ల ముందో తేలవలసినదిగా మారింది.

రుమాలు మీది ఒప్పందం

శాసనసభలో అది ఎందుకు తేలలేదో 1987 నాటి ఒక సంఘటన కొంత చెబుతుంది. ఆ సెప్టెంబరులో శాక్రమెంటోలోని ఫ్రాంక్ ఫ్యాట్స్ రెస్టారెంటులో న్యాయవాదులు, వైద్యులు, బీమా సంస్థలు, తయారీదారుల ప్రతినిధులు సమావేశమయ్యారు. స్పీకర్ విల్లీ బ్రౌన్, సెనేటర్ బిల్ లాకియర్ మధ్యవర్తులు. కుదిరిన షరతులను భోజనబల్ల మీది గుడ్డ రుమాలుపై రాశారు. ఆ రాజీలో న్యాయవాదులకు మైక్రా ఫీజుల మెట్లు కొంత పెరిగాయి. వైద్యులకు మైక్రా జోలికి రాబోమన్న హామీ దొరికింది. పొగాకు సంస్థలకు తమపై దావాల నుంచి రక్షణ లభించింది. రెండున్నర లక్షల పరిమితి అలాగే ఉండిపోయింది. బల్ల చుట్టూ కూర్చున్న ప్రతి వర్గానికీ ఏదో ఒకటి దక్కింది, రోగులకు అక్కడ కుర్చీ లేదు.

మరుసటి సంవత్సరం ఓటర్లు 103వ ప్రతిపాదనను ఆమోదించారు. బీమా రేట్లు తగ్గించాలని, ఇకపై పెంచాలంటే ముందస్తు అనుమతి పొందాలని అది శాసించింది. నాటి నుంచి ఒక వివాదం సాగుతూనే ఉంది. వైద్యుల ప్రీమియంలు స్థిరపడడానికి మైక్రాయే కారణమని వైద్య సంఘాలు, 103వ ప్రతిపాదనే కారణమని వినియోగదారుల సంఘాలు వాదిస్తాయి. ప్రీమియంల గతి పెట్టుబడి మార్కెట్ల చక్రాన్ని కూడా అనుసరిస్తుంది గనుక ఏ ఒక్క కారణానికో మొత్తం ఘనతను కట్టబెట్టే వాదనలు రెండూ సందేహాస్పదమే.

2014, 2022

పరిమితిని సవరించే ప్రతిపాదన 2014 నవంబరులో 46వ ప్రతిపాదనగా ఓటర్ల ముందుకు వచ్చింది. ద్రవ్యోల్బణాన్ని లెక్కలోకి తీసుకొని పరిమితిని సుమారు 11 లక్షల డాలర్లకు పెంచాలని అది కోరింది. 1975 నాటి రెండున్నర లక్షల కొనుగోలు శక్తికి 2014లో సమానమైన మొత్తం దాదాపు అంతే. తిప్పి చెబితే, 2014లో పరిమితి మేరకు పరిహారం పొందిన వ్యక్తికి 1975 లెక్కలో దక్కింది 57,000 డాలర్లు మాత్రమే.

ప్రతిపాదన వెనుక నిజమైన విషాదం ఉంది. మందుల మత్తులో కారు నడిపిన వ్యక్తి వల్ల ఇద్దరు బిడ్డలను కోల్పోయిన తండ్రి ఆ ఉద్యమానికి ముందు నిలిచాడు. కాని ప్రతిపాదనను రూపొందించిన తీరు దానికి చేటు చేసింది. ఆసుపత్రి వైద్యులకు మాదకద్రవ్య పరీక్షలు, మందుల డేటాబేసును తప్పనిసరిగా సంప్రదించడం, పరిహార పరిమితి పెంపు మూడింటినీ ఒకే మూటగా కట్టారు. ఓటు పత్రంలోని శీర్షిక మాదకద్రవ్య పరీక్షలతో మొదలైంది. వైద్య సంఘాలు, బీమా సంస్థలు కోట్లాది డాలర్లతో సాగించిన ప్రచారం ఆ పరీక్షలను ఒక ఎత్తుగడగా చిత్రించింది, చికిత్స ఖర్చులు పెరుగుతాయని హెచ్చరించింది. సుమారు 67 శాతం ఓట్లు వ్యతిరేకంగా పడ్డాయి. పరిమితి పెంపు ఒక్కటే ప్రశ్నగా ఉంటే ఫలితం ఏమయ్యేదో చెప్పలేం. ఆ ప్రశ్న ఓటర్లకు విడిగా ఎదురుకాలేదు.

తర్వాతి ప్రయత్నం భిన్నమైనది. 2022 నవంబరు ఎన్నికలకు అర్హత పొందిన ప్రజాప్రతిపాదన పరిమితిని ద్రవ్యోల్బణానికి ముడిపెట్టడంతో పాటు, మరణం, శాశ్వత వైకల్యం వంటి తీవ్ర నష్టాల్లో పరిమితిని దాటే అధికారాన్ని న్యాయస్థానానికి ఇవ్వజూసింది. ఈసారి ప్రమాదం వైద్య సంఘాలకే ఎక్కువ. ఓడితే పరిమితి ఆచరణలో తుడిచిపెట్టుకుపోతుంది. ఉభయపక్షాలు చర్చలకు కూర్చొని ఏబీ 35 అనే బిల్లుపై రాజీకి వచ్చాయి, ప్రజాప్రతిపాదనను ఉపసంహరించారు. గవర్నరు గావిన్ న్యూసమ్ 2022 మే 23న బిల్లుపై సంతకం చేశారు.

కొత్త చట్టం 2023 జనవరి 1 నుంచి మరణం లేని కేసుల్లో పరిమితిని 3.5 లక్షల డాలర్లకు, మరణాల కేసుల్లో 5 లక్షలకు పెంచింది. ఏటా మొదటిది 40,000, రెండవది 50,000 చొప్పున పదేళ్లు పెరిగి 2033లో 7.5 లక్షలకు, 10 లక్షలకు చేరుతాయి. ఆ తర్వాత ఏటా 2 శాతం పెరుగుదల. వైద్యులు, ఆసుపత్రులు, వాటితో సంబంధం లేని ఇతర సేవాదారులు వేర్వేరుగా బాధ్యులైనప్పుడు గరిష్ఠంగా మూడు విడి పరిమితులు వర్తించవచ్చు. ఫీజుల మెట్ల స్థానంలో దావాకు ముందు రాజీ అయితే 25 శాతం, తర్వాతైతే 33 శాతం అన్న నిబంధన వచ్చింది. దావాకు ముందు వైద్యుడు రోగితో గాని కుటుంబంతో గాని పలికిన సానుభూతి మాటలను, తప్పు ఒప్పుకోలును సైతం సాక్ష్యంగా వాడరాదన్న రక్షణ కూడా ఇందులోనే ఉంది. పొరపాటు జరిగినప్పుడు మౌనమే సురక్షితమన్న వాతావరణాన్ని సడలించడానికి ఇది తోడ్పడవచ్చు.

రాజీలోని లెక్క కొంత ఆలోచింపజేస్తుంది. 2033లో మరణానికి నిర్ణయించిన 10 లక్షలు, 2014లోనే ద్రవ్యోల్బణం ప్రకారం రావలసిన 11 లక్షలకు తక్కువ. స్థిరమైన 2 శాతం పెరుగుదలకు వాస్తవ ధరలతో సంబంధం లేదు. ధరలు వేగంగా పెరిగే దశాబ్దంలో పరిమితి మళ్లీ వెనుకబడుతుంది, ఈసారి నెమ్మదిగా. అంతకంటె విచిత్రమైన అంశం మరొకటి ఉంది. మెడ కింది భాగమంతా చచ్చుబడి నలభై ఏళ్లు మంచాన బతికే వ్యక్తికి వర్తించే పరిమితి, మరణించినవారి కుటుంబానికి వర్తించేదానికంటె తక్కువ. ఏ న్యాయసూత్రం ఈ తేడాను సమర్థిస్తుందో చట్టం చెప్పదు, బేరంలో కుదిరిన సంఖ్యలకు సూత్రం చెప్పవలసిన అవసరం ఉండదు.

పెరిగిన పరిమితి 2023 జనవరి 1న గాని ఆ తర్వాత గాని దాఖలైన వ్యాజ్యాలకే వర్తిస్తుంది. 2022 డిసెంబరు చివరి వారంలో దావా వేసిన కుటుంబానికి, కొద్ది రోజులు ఆగి వేసిన కుటుంబానికి నడుమ లక్ష నుంచి రెండున్నర లక్షల డాలర్ల వరకు తేడా ఉంటుంది. 2023 తర్వాత కూడా కాలిఫోర్నియా కోర్టుల్లో పెండింగులో ఉన్న పాత వ్యాజ్యాలకు న్యాయమూర్తులు 1975 నాటి సంఖ్యనే వర్తింపజేయవలసి వచ్చింది.